పన్నెండు వందల నుంచి ఇరవై నాలుగు వేలకు

1984 జూన్ 11, సోమవారం ఉదయం, మందమర్రి గనుల ప్రాంతంలోని ఒక కార్మిక ఆసుపత్రిలో రెండవ గ్రేడు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. 1998 మార్చి 31న స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. చేరిన రోజును కూడా కలిపితే పదమూడు సంవత్సరాల తొమ్మిది నెలల ఇరవై ఒక్క రోజులు. ఆ కాలమంతటికీ నా దగ్గర డైరీలు ఉన్నాయి. వాటిలో 1989 నవంబరు 6 నుంచి 14 వరకు ఉన్న పేజీలను ఇక్కడ విప్పి రాస్తున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నేను చేసిన ఒక తప్పు వల్ల ఒక మనిషి పక్కటెముక తెగబోయింది. తెగలేదు. ఎందుకు తెగలేదో చెప్పడమే ఈ వ్యాసం పని.

మా ల్యాబ్ అంటే ఒక గది, ఒక సూక్ష్మదర్శిని, ఒక ఓవెన్, ఒక ఫ్రిజ్, నేను. రక్తం తీసుకునే సీసాలను అప్పట్లో మేమే తయారుచేసుకునేవాళ్ళం. వార్డులో వాడి పారేసిన పెన్సిలిన్ సీసాలను తెచ్చి, కడిగి, ఒక్కొక్క దానిలో కొలత ప్రకారం ఆక్సలేట్ ద్రావణం వేసి, ఓవెన్‌లో ఎండబెట్టేదాన్ని. ఎండిన తరువాత అడుగున సన్నని తెల్లని పొర మిగులుతుంది. రక్తమైనా, శరీరంలోని మరే ద్రవమైనా ఆ సీసాలో పడితే గడ్డకట్టదు. గడ్డకట్టకపోతేనే కణాలు విడివిడిగా తేలుతాయి. తేలితేనే లెక్క కుదురుతుంది. పొర ఉన్న సీసాల పళ్ళెం ఓవెన్ పక్కన, ఉత్తగా కడిగినవి కిటికీ దగ్గర ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం.

గట్టయ్య మా ఆసుపత్రిలో అక్టోబరు 28న చేరాడు. వయసు ముప్పై ఎనిమిది. గనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పనివాడు. కుడి ఊపిరితిత్తికి న్యుమోనియా. తొమ్మిది రోజులు పెన్సిలిన్ ఇచ్చిన తరువాత జ్వరం తగ్గింది గాని ఆయాసం తగ్గలేదు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తికి, పక్కటెముకలకు మధ్య నీరు చేరినట్టు కనబడింది. ఆ నీరు ఒకచోట నిలిచి లేదు. ఫైబ్రిన్ అనే గడ్డ దారాలు అడ్డంగా అల్లుకుని దాన్ని గదులు గదులుగా విడగొట్టాయి. అలాంటి నీరు గొట్టం వేసినా పూర్తిగా దిగదు. అది చీముగా మారితే పక్కటెముక ముక్క కోసి దారి చేయాలి. అలా కోసిన మనిషికి మా వైద్య బోర్డు భూగర్భ పనికి యోగ్యత ఇవ్వదు; ఉపరితలం మీద తేలిక పనికి, తగ్గిన హోదాకు మారుస్తుంది. గట్టయ్యకు ఈ నిబంధన నాకంటే బాగా తెలుసు.

నవంబరు 6, సోమవారం. మా ఫిజీషియన్ డాక్టర్ మురళీధర్ గారు సూదితో కొంత నీరు తీసి పరీక్షకు ఇస్తామన్నారు. సీసా పట్టుకుని వార్డుకు నేనే వెళ్ళాను. ఆ ఉదయం కరెంటు లేదు. ఓవెన్ ఆగిపోవడంతో రెండు పళ్ళేలూ ఒకే బల్ల మీద ఉన్నాయి. అడుగు చూడకుండా ఒక సీసా తీసుకున్నాను.

సూది దిగగానే గట్టయ్య పెద్దగా అరిచాడు. పక్కన నిలబడ్డ అతని భార్య లచ్చవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది.

“బాయిల రాయి మీద పడ్డనాడు నోరు తెర్వలే అక్కా, గీ సూదికి గింత మొత్తుకుంటుండు,” అన్నది నాతో. బాయి అంటే అక్కడి వాళ్ళకు బొగ్గు గని.

“రాయి చెప్పి పడదే. సూది కండ్ల ముంగటనే వస్తది,” అన్నాడు గట్టయ్య. తరువాత నా వైపు తిరిగి, “ఇగ మళ్ల గుచ్చరు గద అక్కా?” అని అడిగాడు. గుచ్చరని చెప్పాను.

ల్యాబ్‌కు వచ్చి మిగతా పనులు చూసుకుని, ముప్పావు గంట తరువాత సీసా తీస్తే లోపల ద్రవం సగం గడ్డకట్టి ఉంది. ఉడికీ ఉడకని గుడ్డు తెల్లసొనలా, చుట్టూ పల్చని నీరుతో. ఆక్సలేట్ లేని సీసా అని అప్పుడే అర్థమైంది. నియమం ప్రకారం నేను చేయవలసింది ఒకటే: నమూనా పనికిరాదని రాసి, మళ్ళీ తీయమని అడగడం. కాని ఇంకోసారి గుచ్చరని గంట కిందటే మాట ఇచ్చి ఉన్నాను. గడ్డ చుట్టూ ఉన్న నీటిని వేరే గొట్టంలోకి వంచి, నీలి రంగు కలిపిన ద్రావణంతో ఇరవై వంతులకు పలుచన చేసి, గాజు గళ్ళ పలకలో లెక్కపెట్టాను. నాలుగు మూలల గళ్ళలో ఇరవై నాలుగు తెల్లకణాలు. యాభైతో గుణిస్తే ఘన మిల్లీమీటరుకు 1,200. నివేదికలో ఆ అంకె రాశాను. గడ్డ సంగతి రాయలేదు. గడ్డ ఉన్న సీసాను మూత పెట్టి ఫ్రిజ్‌లో వెనక వరసలో ఉంచాను.

డాక్టర్ గారు ఆ 1,200 చూసి సంతోషించారు. కణాలు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఇంకా చీము కాలేదు, గడ్డ దారాలను కరిగించే మందు వేసి చూడవచ్చు అన్నారు. ఆ మందు స్ట్రెప్టోకైనేజ్. గుండెపోటు రోగుల కోసం అప్పుడప్పుడే పెద్ద ఆసుపత్రులకు వస్తున్నది. మంగళవారం గట్టయ్య ఛాతీలో గొట్టం వేసి, దాని కొసను నీళ్ళున్న సీసాలో ముంచి, పక్కన వేలాడదీశారు. గాలి వెనక్కి పోకుండా లోపలి నీరు మాత్రం దిగడానికి అది ఏర్పాటు. రోజంతా కలిపి 80 మిల్లీలీటర్లే దిగింది. ఆ సాయంత్రం కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో, మంచుముక్కలు నింపిన ఫ్లాస్కులో మందు వచ్చింది.

బుధవారం ఉదయం పది గంటలకు రెండున్నర లక్షల యూనిట్ల మందును సెలైన్‌లో కలిపి గొట్టం ద్వారా లోపలికి ఎక్కించి, నాలుగు గంటలు గొట్టాన్ని బిగించి ఉంచారు. రెండు గంటలకు విప్పారు. సాయంత్రానికి 640 మిల్లీలీటర్లు దిగింది. దానితో పాటు జ్వరం కూడా వచ్చింది, 102.4 డిగ్రీలు.

గురువారం కరీంనగర్ నుంచి సర్జన్ గారు వచ్చే రోజు. వారానికి ఒక్క రోజే వచ్చేవారు. ఆపరేషన్లన్నీ ఆ మధ్యాహ్నమే. ఉదయం ఎనిమిదిన్నరకు గొట్టం నుంచి కొత్త నమూనా తెచ్చాను. ఈసారి సీసా అడుగును వెలుతురుకు పెట్టి చూసి మరీ తీసుకున్నాను. ద్రవం మడ్డిగా ఉంది. నాలుగు గళ్ళలో 480 కణాలు. గుణిస్తే 24,000.

మూడు రోజుల్లో ఇరవై రెట్లు. ఆ కాగితం చదివి సర్జన్ గారు ఇక మాట్లాడటానికి ఏముందన్నారు. చీము పడుతున్నది, జ్వరం ఉంది, మధ్యాహ్నం రెండు గంటలకు ఎముక తీసేద్దాం. స్లైడు మీద క్రిములు కనబడలేదని నేను రాసిన వాక్యాన్ని ఆయన వేలితో కొట్టి చూపించారు. “పది రోజులు పెన్సిలిన్ పోసినంక క్రిములు నీకు కనబడ్తయా అమ్మా?” అన్నారు. ఆ మాటలో తప్పు లేదు.

వార్డులో లచ్చవ్వకు అప్పటికే వార్త చేరింది. నేను వరండాలో నడుస్తుంటే ఎదురొచ్చింది. “కోస్తే మళ్ల బాయిల దిగనియ్యరటగద అక్కా. కోయకుంటే పాణం పోతదంటున్నరు. గిట్ల పరేషాన్ల ఏం చెప్పాలె నేను?” గట్టయ్య మంచం మీద నుంచే కేకేశాడు: “సంతకం పెట్టకు. సారు మళ్ల ఒకపారి సూడనీ.”

అప్పటికి సమయం పది ముప్పై ఐదు. ల్యాబ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సోమవారం నాటి గడ్డను ఫ్రిజ్‌లోంచి తీసి, దానిలో చిన్న ముక్కను స్లైడు మీద పెట్టి, రెండో గాజుపలకతో నలిపి, రంగు వేసి చూశాను. గడ్డ నిండా తెల్లకణాలే. ఒకదాని మీద ఒకటి, లెక్కకు అందనంతగా. సోమవారం గట్టయ్య ఛాతీలో నిజంగా ఎన్ని కణాలు ఉన్నాయో ఆ గడ్డ మింగేసింది. నేను లెక్కపెట్టింది అది వదిలేసిన నీటిని. పన్నెండు వందలన్నది అంకె కాదు. అసలు అంకె అయిదు వేలో, పదివేలో, ఇరవై వేలో ఇక ఎవరికీ తెలియదు. అంటే ఇరవై రెట్ల పెరుగుదల అన్న మాటకు ఆధారమే లేదు.

ఆ స్లైడు పట్టుకుని డాక్టర్ మురళీధర్ గారి గదికి వెళ్ళాను. సర్జన్ గారూ అక్కడే ఉన్నారు. జరిగింది వరసగా చెప్పాను: పళ్ళెం, సీసా, గడ్డ, వంచిన నీరు, రాయని వాక్యం. వచ్చే జనవరిలో నాకు మొదటి గ్రేడు రావలసి ఉందని ముగ్గురికీ తెలుసు.

సర్జన్ గారే ముందు మాట్లాడారు. “మరి ఇయ్యాల్టి ఇరవై నాలుగు వేలు ఏ సీసాల లెక్కవెట్టినవమ్మా? గదన్న నమ్మాల్నా, గది గూడ వద్దా?”

నన్ను నమ్మవద్దని, వచ్చి చూడమని అన్నాను. అందుకు ఆయన కోపగించుకోవచ్చు. కోపగించుకోలేదు, లేచి ల్యాబ్‌కు వచ్చి, కళ్ళజోడు తీసి, సూక్ష్మదర్శినికి కన్ను ఆనించారు. మొదట గడ్డ ముక్కను చూశారు. తరువాత గురువారం నమూనా స్లైడును. చీములోని కణాలు చితికి, ఆకారం పోయి ఉంటాయి. ఈ కణాలు అప్పుడే రక్తనాళం దాటి వచ్చినట్టు నిండుగా, కేంద్రకాలు స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ గారు అదే ద్రవాన్ని స్వయంగా గాజు పలకలో వేసి లెక్కపెట్టారు. ఆయనకు 468 వచ్చాయి. నా 480కి, దానికి ఉన్న తేడా లెక్కలో ఎప్పుడూ వచ్చేదే.

“రేపు సాయంత్రం దాకా ఆగుత,” అన్నారు సర్జన్ గారు చివరికి. “అప్పటికి లెక్క దిగకుంటే అంబులెన్సుల కరీంనగర్ తోలుండ్రి. మురళీ, జిమ్మేదారి నీది.”

జిమ్మేదారి నాదని ఆయన అనలేదు. ఆ బాధ్యతను డాక్టర్ గారు తన పేరున కేసు షీటులో రాసి సంతకం చేయడం నేను చూశాను. అదే షీటులో సోమవారం అంకె మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, నా చేత తేదీ, సమయం రాయించారు: 9-11-89, 11.20. పరీక్షకు పనికిరాని నమూనా. రెండవ మోతాదు మందును ఆపి ఉంచారు. గొట్టం నుంచి తీసిన నీటిలో కొంత, క్రిములు పెరుగుతాయేమో చూడటానికి, ఆ మధ్యాహ్నం బస్సులోనే కరీంనగర్ పంపించాను.

శుక్రవారం ఉదయం జ్వరం 99. కణాలు 14,000. మధ్యాహ్నం మళ్ళీ చూస్తే 12,500. సాయంత్రం డాక్టర్ గారు కరీంనగర్‌లోని సర్జన్ గారికి ఫోన్ చేసి రెండు అంకెలూ చదివారు. అంబులెన్సు అవసరం లేదని అక్కడి నుంచి సమాధానం వచ్చింది.

నాకు ఒక ప్రశ్న మిగిలింది. మొదటి అంకె పోయింది కాబట్టి, మందు వేసిన తరువాత కణాలు నిజంగా పెరిగాయా, లేక మొదటి నుంచే అన్ని ఉన్నాయా? శనివారం రెండవ మోతాదు ఇస్తామన్నప్పుడు డాక్టర్ గారిని ఒక అనుమతి అడిగాను: మందుకు ముందొక నమూనా, గొట్టం విప్పిన తరువాత ఒక నమూనా, రెండూ ఆక్సలేట్ సీసాల్లోనే. గొట్టం ఎలాగూ ఉంది కాబట్టి గుచ్చే పని లేదు. ఆయన ఒప్పుకున్నారు. గట్టయ్యను కూడా అడగమన్నారు.

“నీళ్లే గద అక్కా, ఎన్ని గావాల్నంటే అన్ని తీస్కో. సూది తియ్యకు,” అన్నాడు గట్టయ్య.

ముందు 9,200. ఆరు గంటల తరువాత 17,600. ఈసారి రెండు సీసాలూ సరైనవే. పెరుగుదల నిజం. గడ్డను కరిగించే మందు పడిన చోటికి తెల్లకణాలు పరుగెత్తి వస్తున్నాయి. సాయంత్రం జ్వరం రావచ్చని, భయపడవద్దని డాక్టర్ గారు లచ్చవ్వకు ముందుగానే చెప్పారు. ఏడు గంటలకు 101 వచ్చింది. ఆదివారం ఉదయానికి దిగిపోయింది.

“జ్వరం వస్తదని ముందుగాల్నే చెప్పి రప్పిచ్చిన డాక్టరును గీ సారునే సూస్తున్న,” అన్నది లచ్చవ్వ.

“చెప్పిన టైముకు వచ్చింది. మా షిఫ్టు బస్సు గిట్ల రాదు,” అన్నాడు గట్టయ్య.

దాని వెనక ఉన్న సంగతిని పాఠకుల కోసం నాలుగు మాటల్లో చెబుతాను. స్ట్రెప్టోకైనేజ్ తనంతట తాను గడ్డను కోయదు. మన రక్తంలో పనిలేకుండా తిరిగే ప్లాస్మినోజెన్ అనే పదార్థాన్ని ప్లాస్మిన్ అనే ఎంజైముగా మారుస్తుంది. ప్లాస్మిన్ ఫైబ్రిన్ దారాలను తెంపుతుంది. అప్పట్లో మేము దాని పని అంతటితో అయిపోతుందనుకునేవాళ్ళం. తరువాతి సంవత్సరాల్లో వచ్చిన పుస్తకాలు మరికొంత చెప్పాయి. తెగిన దారాల ముక్కలు తెల్లకణాలను రమ్మని పిలుస్తాయి; ప్లాస్మిన్ కూడా ఆ కణాల పైపొరను తాకి వాటిని కదిలిస్తుంది, అవి నడిచే దారిలోని అడ్డు తొలగిస్తుంది, మంట పుట్టించే పదార్థాలను వాటి చేత విడుదల చేయిస్తుంది. గాయం మానాలంటే గడ్డ కరగాలి, శుభ్రం చేసే కణాలూ రావాలి. శరీరం రెండు పనులనూ ఒకే ఎంజైముకు అప్పజెప్పినట్టుంది. ఇక మందు బాక్టీరియా నుంచి తీసిన ప్రోటీను కాబట్టి, దానికదే జ్వరం తేగలదు. గట్టయ్య ఛాతీలో ఈ కారణాల్లో ఏది ఎంత పనిచేసిందో తేల్చే శక్తి మా ఒక్క గది ల్యాబ్‌కు లేదు. తేలిందల్లా ఒక్కటే: కణాలు వచ్చాయంటే చీము పట్టిందని అర్థం కాదు.

శనివారం దిగిన నీరు 380 మిల్లీలీటర్లు, ఆదివారం 90, సోమవారం 30. అంతకు ముందు గురువారం 310, శుక్రవారం 120. మంగళ, బుధవారాలవి కలిపితే మొత్తం 1,650. సోమవారమే కరీంనగర్ నుంచి క్రిములేవీ పెరగలేదని కాగితం వచ్చింది. నవంబరు 14న గొట్టం తీశారు. 1990 ఫిబ్రవరి 5న వైద్య బోర్డు గట్టయ్యకు భూగర్భ పనికి యోగ్యతా పత్రం ఇచ్చింది. ఆ మధ్యాహ్నం షిఫ్టులోనే అతను గనిలోకి దిగాడని లచ్చవ్వ తరువాత చెప్పింది.

నవంబరు 20న నాకు మెమో ఇచ్చారు. నమూనా స్థితిని దాచినందుకు అని అందులో కారణం రాసి ఉంది. దాచడం అన్న మాట కటువుగా అనిపించి, వదిలివేసినందుకు అని మార్చవచ్చా అని డాక్టర్ మురళీధర్ గారిని అడిగాను. “నువ్వు గడ్డను సూసినవు సరోజనా. సూసి రాయకపోవుడు వదిలేసుడు కాదు,” అన్నారు. సంతకం పెట్టి తీసుకున్నాను. మొదటి గ్రేడు 1990 జనవరికి బదులు 1991 జనవరిలో వచ్చింది. తప్పును కప్పిపుచ్చే దారి ఆయన చేతిలో ఉండి కూడా, నా మీద దయతో ఆ దారి పట్టనందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ రోజు దాన్ని కప్పి ఉంటే, తరువాత నేను రాసిన ఏ అంకెనూ ఆయన గాని, నేను గాని పూర్తిగా నమ్మి ఉండేవాళ్ళం కాదు. తన నిర్ణయాన్ని ఒక టెక్నీషియన్ మాట మీద ఒక రోజు ఆపుకుని, కళ్ళజోడు తీసి చూసిన సర్జన్ గారికి కూడా అంతే రుణపడి ఉన్నాను. ఆ హోదాలో చాలామంది చూడరు.

ఒక సంగతి రాయకపోతే ఈ వృత్తాంతం సరికాదు. సోమవారం సరైన లెక్క వచ్చి ఉంటే, ఆ అంకె పెద్దదై ఉంటే, మందు వేయకుండా మొదటే సర్జన్ గారికి అప్పగించేవాడినేమో అని డాక్టర్ గారు ఒకసారి అన్నారు. అంటే నా తప్పుడు అంకె వల్లనే గట్టయ్యకు ఆ మందు దక్కి ఉండవచ్చు. ఈ మాటను నేను డైరీలో రాసుకున్నాను గాని నా ఖాతాలో వేసుకోలేదు. ఆ తప్పే మూడు రోజుల తరువాత అతన్ని బల్ల మీదకు చేర్చబోయింది. ఏ తప్పు ఎటు తిరుగుతుందో చేసినవారి చేతిలో ఉండదు.

ఆ తరువాత మా రిజిస్టరులో అంకె పక్కన ఒక గడి పెంచాను: నమూనా వచ్చినప్పుడు ఎలా ఉంది. మిగిలిన ఎనిమిదేళ్ళ నాలుగు నెలల్లో ఆ గడిని ఒక్కసారి కూడా ఖాళీగా వదలలేదు. పనికిరాదని రాసి మళ్ళీ గుచ్చమని అడిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. నన్ను తిట్టిన రోగులూ ఉన్నారు. సూది నొప్పి ఆ పూటతో పోతుంది, తప్పుడు అంకె మాత్రం కేసు షీటులో ఉండి ఇతరుల చేత నిర్ణయాలు చేయిస్తుంది. లెక్కలో జరిగిన పొరపాటును చెప్పడానికి గడువు ఉంటుంది. ఆ గడువును పెట్టేది చెప్పేవారి ధైర్యం కాదు, ఆపరేషన్ సమయం. నాకు ఆ రోజు, పది ముప్పై ఐదు నుంచి రెండు గంటల దాకా, మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు దొరికాయి.